ప్లెథోరా: సమృద్ధా, వ్యాధా?



మొన్న విచారణ పండుగ సభలో ఒక యువకుడు నాకు శాలువా కప్పి, "ఫాదరుగారి వల్ల మనకు ప్లెథోరా మేళ్లు కలిగాయి" అన్నాడు. సమృద్ధి అనే అర్థంలో ఆ ఇంగ్లీషు మాట నేడు వాడుకలో ఉన్నదే.

కాని దాని పుట్టుక వేరు. 'నిండుదనం' అనే అర్థమిచ్చే గ్రీకు పదం అది. ఒంట్లో రక్తం మితిమీరిందనుకొన్న రోగస్థితికి పూర్వపు వైద్యులు ఆ పేరు పెట్టి, రక్తం తీసేవారు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి కూడా వైద్యపదంగానే వచ్చింది. తరువాత ఏదైనా అవసరానికి మించి ఉండటమనీ, చివరకు కేవలం 'బోలెడు' అనీ అర్థం మారింది. రోగం పేరు గొప్పకు పేరయింది!

మరి ఎంతవరకు సమృద్ధి, ఎంత దాటితే వ్యాధి? లెక్కతో తేలదు. వందమందికి వండిపెట్టే ఇంట్లో పది బస్తాల బియ్యం ఎక్కువ కాదు. తాళం వేసిన గదిలో పురుగుపట్టే ఒక్క బస్తా ఎక్కువే.

ఆ రాత్రి బీరువా తెరిస్తే పాత శాలువాలు పదకొండు ఉన్నాయి. వరండాలో కాపలా తాత చిరుగుల దుప్పటిలో ముడుచుకొని పడుకున్నాడు. కొత్త శాలువా ఆయనకు కప్పాను. మిగతా పదకొండింటి సంగతి నేనింకా తేల్చుకోవాలి.

మీరూ ఒకసారి మీ బీరువా తెరిచి చూడండి.