అపరాధజన్య భయం: పాఠశాలలో గోథిక్ సాహిత్య బోధన – ఒక నైతిక పరిశీలన

గుంటూరు–తెనాలి మార్గంలో, చేబ్రోలు మండలంలో ఉన్న వడ్లమూడి నేడు విద్యాసంస్థలకు పేరుపొందిన గ్రామం. ఇటువంటి చోట ఉన్నత తరగతుల విద్యార్థులకు డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ పేర్లు చలనచిత్రాల ద్వారానైనా పరిచితమే. ఆ పేర్ల వెనుకనున్న గోథిక్ సంప్రదాయాన్ని పాఠంగా చెప్పవలసి వచ్చినప్పుడు ఉపాధ్యాయునికి ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది. పిల్లలను భయం నుండి కాపాడవలసిన బడి, తెలిసి తెలిసి వారికి భయాన్ని బోధించవచ్చునా? బోధించవచ్చుననుకుంటే ఏ భయాన్ని, ఏ ప్రయోజనం కోసం? ఈ ప్రశ్నకు భారతీయ రససిద్ధాంతం ఆధారంగానూ, వడ్లమూడి పరిసరాల స్థలకథ ఆధారంగానూ సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

గోథిక్ అనే మాట మొదట ఒక జాతికి, తరువాత మధ్యయుగపు ఐరోపా వాస్తురీతికి పేరు. 1764లో హొరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవలతో అది సాహిత్యానికి సంక్రమించింది. శిథిలమైన కోట, రహస్య మార్గాలు, పీడకుడైన ప్రభువు, నిస్సహాయులైన స్త్రీలు దీని బాహ్యలక్షణాలు. ఆంతరంగిక లక్షణం వేరు. ఒట్రాంటో కోట ప్రభువు ఆ కోటకు న్యాయమైన వారసుడు కాడు. అతని తాత చేసిన ద్రోహం వల్ల అది ఆ వంశానికి దక్కింది. తండ్రుల పాపం మూడు నాలుగు తరాల వరకు సంతానాన్ని వెంటాడుతుందన్నదే కథలోని నీతి అని మొదటి ముద్రణ పీఠికలో కనిపిస్తుంది. కోటలో తిరిగే అతీతశక్తి ఆ ద్రోహాన్ని గుర్తుచేయడానికే వస్తుంది. కనుక గోథిక్ కథను కేవలం దయ్యం కథగా కాక, జవాబు చెప్పని తప్పు కథగా గ్రహించడం సముచితం.

ఈ అవగాహన తెలుగు విద్యార్థికి పరాయిది కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు భయానక రసానికి చెప్పిన విభావాలలో వికృతమైన ధ్వనులు, భూతాది దర్శనం, నక్కల కూతలు, గుడ్లగూబలు, శూన్యగృహాలు, అరణ్యాలు ఉన్నాయి. గోథిక్ నవలల వాతావరణం దాదాపు ఇదే. అంతకన్నా ముఖ్యమైనది, భరతుడు భయానకాన్ని మూడు విధాలుగా విభజించడం. నటించినది వ్యాజం, బెదిరింపు వల్ల కలిగేది విత్రాసితకం, చేసిన తప్పు వల్ల కలిగేది అపరాధజన్యం. పిల్లలకు ఇంటా బడిలోనూ ఎక్కువగా ఎదురయ్యేది రెండవది. అన్నం తినకపోతే బూచోడు వస్తాడనడం, పాఠం రాకపోతే బెత్తం చూపడం విత్రాసితకాలే. అవి విధేయతను నేర్పవచ్చు గాని విచారణను నేర్పవు. గోథిక్ సాహిత్యానికి ప్రాణం మూడవ రకం భయం. అది వినేవారిని తప్పెవరిది అని ఆలోచించేటట్లు చేస్తుంది. బోధనకు అర్హమైన భయం ఇదే.

దీనికి దృష్టాంతం వడ్లమూడికి సమీపంలోనే ఉంది. మండల కేంద్రమైన చేబ్రోలులో కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మలింగేశ్వరాలయం ఉంది. అది అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించినదిగా ప్రసిద్ధం. మంగళగిరిలో 1807–09 మధ్య లేచిన పదకొండు అంతస్తుల గాలిగోపురమూ ఆయన నిర్మాణమే. ఆయనను గురించి అమరావతి ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. దోపిడీలు చేస్తున్నారన్న కారణంతో చెంచులను విందుకు పిలిపించి వధింపజేశాడనీ, ఆ తరువాత భోజనానికి కూర్చుంటే విస్తరిలోని అన్నం పురుగులుగా కనిపించేదనీ, ఆ పాపపరిహారం కోసమే అమరేశ్వరుని సన్నిధికి చేరి ఆలయాలు కట్టించాడనీ ఆ కథ సారాంశం. నరుకుళ్ళపాడు అనే ఊరి పేరును జనం ఆ ఘటనతోనే ముడిపెడతారు. దీనిని స్థలకథగానే తరగతికి తీసుకోవాలి. చరిత్రగా నిర్ధారించవలసిన పని పాఠానికి లేదు.

ఈ కథలో గోథిక్ లక్షణాలన్నీ ఉన్నాయి. బలవంతుడైన ప్రభువు, ఆతిథ్యం మాటున ద్రోహం, మరపునకు రాని అపరాధం కనిపిస్తాయి. దయ్యం మాత్రం లేదు. భయం పుట్టేది శ్మశానంలో కాదు, అన్నం విస్తరి ముందు. విందుకు పిలిచి చంపినవానికి విందే దుర్భరమైంది. శిక్ష తప్పు రూపాన్నే ధరించింది. రాత్రివేళ విద్యార్థిని బెదరించే అంశం ఇందులో స్వల్పం. పగలు ఆలోచింపజేసే అంశం అధికం. అయితే కథ ఒక చోట మౌనం వహిస్తుంది. ప్రభువు బాధకు, పశ్చాత్తాపానికి, నిర్మాణాలకు చోటు దొరికింది. చనిపోయిన చెంచులలో ఒక్కరికీ పేరు లేదు, మాట లేదు. పరిహారం దేవునికి చెల్లింది గాని, నష్టపోయినవారి బిడ్డలకు ఏమి చెల్లిందో కథ చెప్పదు. ఈ మౌనాన్ని విద్యార్థులే కనుగొనేటట్లు చేయడం ఉపాధ్యాయుని కర్తవ్యం.

దీనికి రెండు ఆక్షేపణలు సహజం. మొదటిది హేతువాదుల వైపు నుండి వచ్చేది: అతీతశక్తుల కథలు మూఢనమ్మకాలను పెంచుతాయి. పురాణాలను నిర్భయంగా ప్రశ్నించిన త్రిపురనేని రామస్వామి చౌదరి నివసించిన తెనాలి సమీపంలో ఈ ఆక్షేపణను తేలికగా తీసుకోరాదు. కాని అదే తెనాలి ఇంకొక సమాధానాన్నీ ఇచ్చింది. 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించిన చక్రపాణి, దానిని దీర్ఘకాలం తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివారే. కుటుంబరావు హేతుదృష్టి, మార్క్సిస్టు దృక్పథం గల రచయిత. అయినా ఆ పత్రికలో బేతాళ కథలు తరాల తరబడి నడిచాయి. ఆ కథల చట్రంలో శవం, శ్మశానం, చీకటి ఉన్నా కథ ముగిసేది ధర్మసందేహంతోనే. సమాధానం తెలిసి ఉండి చెప్పకపోతే తల పగులుతుందన్నది అక్కడి షరతు. అంటే శిక్ష తెలియనితనానికి కాదు, తెలిసి మౌనంగా ఉండటానికి. బేతాళుని నమ్మకపోయినా ఆ షరతులోని నీతిని బాలపాఠకుడు గ్రహించగలడు.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. భయం కథలకు ఒక రాక్షసుడు కావాలి. ఆ స్థానంలో సమాజం ఎవరిని నిలుపుతుంది? 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని సముదాయాలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం ఆ చట్టం నీడలో ఏర్పడిన స్థావరమే. చట్టం 1952లో రద్దయినా ఆ ఊరి పేరును అంటిపెట్టుకున్న భయం చలనచిత్రాలలో కొనసాగింది. చెంచుల కథ వినే తరగతిలో గిరిజన విద్యార్థి కూర్చుని ఉండవచ్చు. దోపిడీదార్లన్న ఒక్క మాటను విచారణ లేకుండా వదిలివేస్తే పాఠమే మరొక అపరాధమవుతుంది.

ఇక్కడ మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తోడ్పడుతుంది. అందులోని వికృతాకారుడు పుట్టుకతో క్రూరుడు కాడు. చాటున ఉండి ఒక పేద కుటుంబం మాటలు విని భాష నేర్చుకుంటాడు. ఆ ఇంటి అంధవృద్ధుడు అతనితో దయగా మాట్లాడతాడు. చూపున్నవారు రాగానే కేకలు, దెబ్బలు మొదలవుతాయి. ఈ ఘట్టాన్ని స్టువర్టుపురం ఉదంతం పక్కన ఉంచి చదివితే, వికృతి చూడబడేవానిలో ఉందా, చూసేవారి దృష్టిలో ఉందా అన్న ప్రశ్న పిల్లలకు స్వయంగా తడుతుంది.

కనుక గోథిక్ బోధన ఎనిమిది, తొమ్మిది తరగతుల స్థాయిలో స్థలకథతో మొదలై విదేశీ నవలకు వెళ్ళడం ఉచితం. భీకర వర్ణనలను తగ్గించి, ప్రతి కథ దగ్గరా మూడు ప్రశ్నలు నిలపాలి. మొదట జరిగిన తప్పు ఏది? దాని ఫలం ఎవరు అనుభవించారు? కథలో ఎవరికి మాట దక్కలేదు? ఈ ప్రశ్నలు లేని భయం భరతుడు చెప్పిన విత్రాసితకంగానే మిగిలిపోతుంది. దానిని బడి బోధించనవసరం లేదు. ఈ ప్రశ్నలతో కూడిన భయం తరగతిని దాటి నిలుస్తుంది. చేబ్రోలు కోనేటి గట్టున నిలిచిన విద్యార్థి ఆలయ సౌందర్యంతో పాటు, ఏ గుడీ దక్కని చెంచులను కూడా తలచుకోగలిగితే ఆ పాఠం సార్థకమైనట్లే.