జబ్బు ఎవరి సొత్తు?

జబ్బు దాచుకోవడం మన ఆడవాళ్ళకి కొత్తేం కాదు. ఇదివరకు మందులచీటీ పోపులడబ్బాలో పడేస్తే సరిపోయేది. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక, 14 అంకెల 'ఆభా' నంబరుకి జతపడిన రిపోర్టుల్ని ఏ డాక్టరుకైనా ఫోన్లోనే చూపించవచ్చు. మంచిదే! మనకి ఏ మందు పడదో కొత్త డాక్టరుకి తెలియడం చిన్న విషయమా? పైగా మనం ఒప్పుకుంటేనే చూపిస్తారు.

ఆ ఒప్పుకోలు అడిగేది మాత్రం ఫోనుని. మా అత్తయ్యగారి పేరున ఇచ్చింది మావారి నంబరు! ఆవిడ బదులు 'సరే' అనేదీ, ఆవిడ షుగరెంతో ముందు తెలిసేదీ ఆయనకే. ప్రేమకొద్దీనే, కాదనను. కానీ బాధపడే ఒళ్ళొకరిదీ, ఒప్పుకునే వేలొకరిదీ అయితే ఎలాగండీ?

మొన్న నంబరు మార్పించాను. మొదటిసారి 'సరే' నొక్కేముందు అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని పావుగంట చదివారు. మావారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు.