జెర్రిపోతు చెప్పే సొరచేప కథ

మన ఊరు మోత్కూరుకు సముద్రం చాలా దూరం. మన చెరువుల్లో రవ్వ, బొచ్చె, కొర్రమట్ట దొరుకుతాయే తప్ప సొరచేప కనిపించదు. అయినా దాని పేరు వింటే మనకు ముందు గుర్తొచ్చేవి కోరపళ్లే. ఆ భయంలో ఎక్కువ పాలు 1975 నాటి 'జాస్' సినిమాది. ఆ కథ రాసిన పీటర్ బెంచ్లీయే తర్వాతి కాలంలో సొరల రక్షణ కోసం గొంతెత్తాడు.

సొరల్లో 500కు పైగా రకాలున్నాయి. మనిషికి ప్రమాదకరమైనవి కొన్నే. సొర ముట్టె మీద జిగురు నిండిన సన్నని రంధ్రాలుంటాయి. ఇసుకలో దాగిన చేప ఒంట్లో పుట్టే అతి స్వల్ప విద్యుత్తును కూడా వాటితో పసిగడుతుంది. అది వెతికేది తన తిండిని, మనల్ని కాదు.

చేపలన్నిటిలో పెద్దదైన తిమింగల సొర నోరు తెరిచి నీటిని వడపోసి, చిన్న చిన్న జీవులను తిని బతుకుతుంది. 2022 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కిన ఒకదాన్ని మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు.

అనవసర భయం విషయంలో మన పొలం గట్టు మీది జెర్రిపోతు పాముదీ ఇదే కథ. విషం లేదు, ఎలుకలను తిని వరిని కాపాడుతుంది. అయినా కనబడగానే కట్టె అందుకుంటాం. ఈసారి కట్టె ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగండి. అదెవరో తెలుసుకోండి.