నాన్నకు చెప్పి తీరాలి

నాయనా,

నువ్వు పంపిన బయాప్సీ రిపోర్టు, ఎమ్మారై, పెట్ స్కాన్ కాయితాలు అన్నీ కూర్చుని చదివాను. పీఎస్‌ఏ 8 పైచిలుకు, గ్లీసన్ స్కోరు 3+4, ప్రోస్టేట్ గ్రంథి దాటి ఎక్కడికీ పాకలేదని రాశారు. జబ్బు క్యాన్సరే, కానీ రేపో ఎల్లుండో ముంచుకొచ్చే రకం కాదు. ఆలోచించుకోవడానికి కొన్ని వారాల వ్యవధి ఉంది. ముందు ఆ ధైర్యం తెచ్చుకో.

ఫోన్లో నువ్వన్న మాట మాత్రం నాకు కంటిమీద కునుకు లేకుండా చేసింది. "నాన్నకు క్యాన్సరని చెప్పలేదు మామయ్యా, గ్రంథి వాచిందన్నాం. ఆపరేషన్‌కి డేటు తీసేసుకుంటాం" అన్నావు. ప్రేమ కొద్దీ చేశావు, కాదనను. మన ఇళ్లలో అందరూ చేసేదే. అయినా అది తప్పేరా. పెద్దవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఒకటే మందున్న జబ్బయితే, ఆ మందేదో వేయించి తరవాత చెప్పుకోవచ్చు అనుకునేవాణ్ణేమో. ఇది అలాంటిది కాదు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అని పెద్ద అధ్యయనం జరిగింది. జబ్బు గ్రంథిలోనే ఉన్న 1643 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్, మూడో జట్టుకు వెంటనే ఏ చికిత్సా చేయకుండా ఎప్పటికప్పుడు పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఏ జట్టులో చూసినా నూటికి ముగ్గురికి అటూ ఇటూ. మూడో జట్టులో జబ్బు ఒంట్లో పాకడం మాత్రం ఎక్కువే: 9.4 శాతం, మిగతా రెండు జట్లలో 5 శాతం దగ్గర. ఆ మూడో జట్టులో సగానికి పైగా తరవాత ఎప్పుడో ఒకప్పుడు చికిత్సకు వెళ్లినవాళ్లే. ఇంకోటి, ఆ అధ్యయనంలో చాలామందిది బావగారి జబ్బు కంటే మెతకది. కాబట్టి అవే అంకెలు ఆయనకు అచ్చంగా అతుకుతాయని అనుకోవద్దు, డాక్టర్ని అడుగు.

అయినా సంగతి అర్థమైంది కదా. ప్రాణం విషయంలో మూడు దారులూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు, ఇక తేల్చుకోవలసింది ఏది పోగొట్టుకోవడానికి సిద్ధపడతాం అన్నదే. పోయేది ఆయన ఒంట్లోంచి. అది నువ్వెలా తేలుస్తావు?

నా సంగతే చూడు. నాకు ఆపరేషన్ అయింది. ఒంట్లో ఆ జబ్బును ఉంచుకుని తిరగడం నా వల్ల కాదని, తీయించేసుకున్నాను. మూత్రపు గొట్టం తీసేశాక నెలల తరబడి మూత్రం చెప్పినట్టు వినలేదు. దగ్గితే చాలు, కుర్చీలోంచి లేస్తే చాలు, పంచె తడిసేది. గుంటూరు బస్సెక్కితే ముదురు రంగు ప్యాంటు వేసుకుని, ఒళ్లో సంచీ పెట్టుకుని, తలుపు పక్క సీటులో కూర్చునేవాణ్ణి. సంచీలో ప్యాడ్లు, ఒక పాత తువ్వాలు. మెల్లగా సర్దుకుంది. ప్రొటెక్ట్‌లో ఆపరేషన్ అయినవాళ్లలో ఆరు నెలలకు 46 శాతం మంది ప్యాడ్లు వాడేవారు, ఆరేళ్లకు 17 శాతం. నా స్నేహితుడొకాయన రేడియేషన్‌కి వెళ్లాడు. ఆయనకు ఈ తడి బాధ లేదు, విరేచనంలో రక్తం పడి కొన్నాళ్లు హడలిపోయాడు. ఇద్దరం బాగానే ఉన్నాం. ఒకరి దారి ఒకరికి నచ్చేది కాదు.

బావగారు తెల్లవారకముందే పొలానికి వెళ్లే మనిషి. నలుగురిలో తడిసిన పంచెతో నిలబడడం ఆయనకు చావుతో సమానమేమో. లేదూ, రోగం ఒంట్లోనే ఉందన్న ఆలోచనే నిలువునా తినేస్తుందేమో. నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఆయన్నే అడగాలి. అడగాలంటే ముందు చెప్పాలి.

ఇంకో సంగతి, రాయడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది. ఈ చికిత్సల వల్ల మగవాడి దాంపత్య శక్తి దెబ్బతింటుంది. ఆపరేషన్‌తో వెంటనే, రేడియేషన్‌తో నెమ్మదిగా. దానితో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తే కోరికే తగ్గుతుంది. అరవై దాటినవాళ్లకు అదెందుకులే అని కొడుకులూ కోడళ్లూ అనుకుంటారు. అది మీరు అనుకోవలసిన విషయం కాదు. డాక్టరు ముందు బావగారూ అక్కయ్యా ఇద్దరే కూర్చోవాలి. ఆ కాసేపు నువ్వు గదిలోంచి బయటికి వచ్చెయ్. నీ ఎదుట ఆయన నోరు విప్పడు. ఆయన అడగడానికి సిగ్గుపడతాడనుకుంటే, నేను విడిగా మాట్లాడతాను.

అక్కయ్య ఏడుస్తూ ఫోన్ చేసింది. పక్కింటాయనకు ఇదే జబ్బని బీజాలు తీసేశారట, మీ బావకీ అంతేనా అంది. కాదని చెప్పాను. అది జబ్బు ఎముకలకూ అక్కడికీ ఇక్కడికీ పాకినవాళ్లకు చేసేది. మగ హార్మోన్ ఆపితే ఈ క్యాన్సర్ ముడుచుకుంటుందని 1941లోనే చార్లెస్ హగిన్స్ చూపించాడు, దానికే 1966లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. బావగారికి ఇప్పుడు ఆ అవసరం లేదు. నువ్వు కూడా మీ అమ్మకు విడమరిచి చెప్పు, పాపం ఆ భయంతో అన్నం మానేసింది.

రోబో ఆపరేషన్ కోసం ఎకరం అమ్ముదామా అన్నావు. వద్దు, తొందరపడకు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబోతో చేసినవాళ్లనూ మామూలుగా కోసి చేసినవాళ్లనూ రెండేళ్లు గమనించారు. మూత్రం అదుపులోనూ దాంపత్యంలోనూ తేడా కనిపించలేదు. రోబోతో రక్తం తక్కువ పోతుంది, ఆసుపత్రిలో తక్కువ రోజులుంటారు, అది నిజమే. కానీ యంత్రం కంటే చేసే చెయ్యి ముఖ్యం. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని సర్జన్‌ని సూటిగా అడుగు. అడిగితే నొచ్చుకునే డాక్టరైతే ఇంకొకరిని చూద్దాం.

మీరు ఇంతవరకూ యూరాలజిస్టుని ఒక్కరినే కలిశారు. ఆయన ఆపరేషన్ చేసేవాడు, ఆపరేషనే చెప్పాడు. అది ఆయన తప్పు కాదు. రేడియేషన్ డాక్టర్ని కూడా కలిసి తీరాలి. బావగారికి ఎన్నిసార్లు పెట్టాలి, వాటితో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు కావాలా, ఇవన్నీ ఆయన్ని అడగాలి. ఆపరేషన్ తరవాత జబ్బు తిరగబెడితే రేడియేషన్ ఇవ్వచ్చు, రేడియేషన్ తరవాత ఆపరేషన్ చాలా కష్టం అంటారు, అదీ అడుగు. బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకులు ల్యాబ్‌లోంచి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకి చూపించు. 3+4 అన్నది రెండో కంటికి ఇంకోలా కనిపిస్తే నిర్ణయమే మారిపోతుంది.

శనివారం రాత్రికి నేను తెనాలిలో దిగుతాను. ఆదివారం పొద్దున బావగారికి చెప్పేది మాత్రం నువ్వే, పక్కన నేనుంటాను. క్యాన్సర్ అన్న మాట వాడు, నసగొద్దు. ఆ వెంటనే, గ్రంథి దాటలేదనీ, దారులు మూడున్నాయనీ చెప్పు. ఆయన ఏమీ మాట్లాడకపోతే మాట్లాడించాలని చూడకు, రెండు రోజులు వదిలెయ్. తీసుకున్న డేటు ఇవాళే రద్దు చేయించు.

మీ మామయ్య