మాట్లాడే పులి, మాట్లాడని చేప

మనిషి బిడ్డకు మంచిచెడ్డలు చెప్పే అర్హత జంతువుకు ఎక్కడిది అన్న ప్రశ్న కార్టూన్ బొమ్మల విషయంలోనూ అడగదగినదే. శాస్త్ర పరిభాషలో పశుపక్ష్యాదులు తిర్యక్కులు, అంటే మనిషివలె నిటారుగా కాక అడ్డంగా సంచరించే ప్రాణులు. ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే విధినిషేధాలు వాటికి వర్తించవు గనుక వాటికి పాపపుణ్యాలు లేవని సంప్రదాయం చెబుతుంది. అయినా 2012లో అమెరికాలోని పీబీఎస్‌లో మొదలైన డేనియల్ టైగర్ కార్యక్రమంలో నాలుగేళ్ల పులిపిల్ల కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో, బొమ్మను తోటివారితో ఎలా పంచుకోవాలో పసివాళ్లకు చిన్న చిన్న పాటలతో నేర్పుతోంది.

తిర్యక్కు గురువు కావడం తెలుగువారికి కొత్త కాదు. పోతన పేరుతో ప్రసిద్ధమైన భాగవతంలో ఏకాదశ స్కంధాన్ని తెనిగించినవాడు వెలిగందల నారయ. అందులో ఒక అవధూత, అంటే లోకబంధాలను దులిపేసుకొని తిరిగే విరాగి, యదురాజుకు తన 24 మంది గురువులను గురించి చెబుతాడు. వారిలో పావురం ఉంది, కొండచిలువ ఉంది, సాలెపురుగు ఉంది, చేప ఉంది. ఎర రుచికి లోబడి గాలానికి చిక్కి చావడమే చేప నేర్పిన పాఠం. చేప ఎవరికీ ఏమీ బోధించలేదు, తన బతుకు తాను బతికి చచ్చింది. నాలుకను గెలవనివాడు దేన్నీ గెలవలేడని గ్రహించిన శ్రమ అంతా అవధూతదే. అంటే గురుత్వం ప్రాణిలో కన్నా, దాన్ని చూసి ఆలోచించినవాడిలో ఎక్కువగా ఉంది. పుదుచ్చేరికి దక్షిణాన, అరికమేడు పక్కన ఉన్న జాలరుల ఊరు వీరాంపట్టినంలో పెరిగే పిల్లవాడికి ఎర, గాలం, వల అన్నవి రోజూ కంటబడే వస్తువులు గనుక, ఈ పాఠం అతనికి వ్యాఖ్యానం లేకుండానే అందుతుంది.

జంతువులు నోరు విప్పి మాట్లాడే కథలూ మనకున్నాయి, కానీ అక్కడా పాఠం అంత తేలికగా చేతికి రాదు. పంచతంత్రంలో దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకీ నడుమ చిచ్చుపెట్టి ఎద్దును చంపిస్తుంది. సాటి నక్క కరటకుడు మందలించినా కుట్ర ఆగదు. ఇది నీతి, అంటే లోకంలో నెగ్గుకొచ్చే తెలివి; ధర్మం వేరు. పుదుచ్చేరి క్రైస్తవ మిషన్‌కు చెందిన అబ్బే దుబువా తమిళ, తెలుగు, కన్నడ ప్రతుల నుంచి ఏరి కూర్చిన ఫ్రెంచి పంచతంత్రాన్ని 1826లో పారిస్‌లో ప్రచురిస్తూ, తంత్రమనే మాటకు గ్రంథభాగమన్న అర్థాన్ని వదిలి అయిదు కపటోపాయాలు అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. ఆ అనువాదం కటువుగా ఉన్నా కథల ఆయువుపట్టును తాకింది. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికతో ఈ కథలను బడిపిల్లల దాకా తెచ్చిన తర్వాత కూడా ఆ నక్క నక్కగానే, సింహం ఆకలిగొన్న సింహంగానే మిగిలాయి.

డేనియల్‌లో పులి స్వభావం లేదు, చారలు మాత్రమే ఉన్నాయి. అది పులితోలు కప్పుకున్న బుద్ధిమంతుడైన బాలుడు. మూడేళ్ల బిడ్డకు అలాంటి తోడు అవసరమేనని ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆ వయసులో పంచుకోవడం ఆలోచన కన్నా ముందు అలవాటుగా రావాలి, అలవాటుకు పాట మంచి సాయం. అయితే పులే సమస్యను చూపి, పులే పరిష్కారాన్ని పాడితే, అవధూత చేసిన పనిలో బిడ్డకు మిగిలేది ఏమీ ఉండదు. చేపను చూపించి ఊరుకునే పెద్దలు, నక్క చేసింది న్యాయమేనా అని అడిగి జవాబు కోసం ఓపికగా ఎదురుచూసే పెద్దలు ఆ పనిని బిడ్డకు తిరిగి ఇస్తారు. ఆ జవాబును శ్రద్ధగా వినడానికి అవధూత జాబితాలోనే ఆధారం ఉంది: ఆ 24 మంది గురువుల్లో బాలుడూ ఒకడు.