ప్రాక్సీ పలికినవాడిదా, పలికించినవాడిదా?

నాకు పాత ఫౌంటెన్ పెన్నుల పిచ్చి ఉంది. చాలాకాలం ఒకే పెన్ను కోసం వెతికాను. జపాన్‌లో పైలట్ కంపెనీ 1971లో తెచ్చిన మ్యూ 701. దానికి పాళీ విడిగా బిగించి ఉండదు. మనం పట్టుకునే స్టీలు గొట్టమే చివరికొచ్చేసరికి సన్నబడి పాళీ అయిపోతుంది. ఎప్పుడో ఆగిపోయిన మోడల్ కాబట్టి అక్కడి సెకండ్‌హ్యాండ్ యాప్‌లలో వెతుక్కోవాల్సిందే. అక్కడ అమ్మేవాళ్ళు చాలావరకు మామూలు మనుషులు, ఇంట్లో పాత సామాను సర్దుకుంటున్నవాళ్ళు. దేశం దాటించి పంపే తలనొప్పి వాళ్ళకి అక్కర్లేదు.

అందుకే మధ్యలో ఏజెంట్లు పుట్టారు. వాళ్ళకి జపాన్‌లో అడ్రసు, ఖాతా, గోడౌను ఉంటాయి. మనం లింక్ ఇస్తే వాళ్ళు తమ పేరు మీద కొంటారు. వస్తువు గోడౌనుకి చేరాక ఫోటో తీసి చూపిస్తారు, మళ్ళీ ప్యాక్ చేసి మనకి పంపుతారు. కమిషన్ వేరు, పోస్టేజీ వేరు. అమ్మిన మనిషికి మాత్రం మనమంటూ ఒకళ్ళం ఉన్నామనే తెలియదు.

పోయినేడాది ఆ పెన్ను దొరికింది. 12,000 యెన్‌లు. కింద రాసింది ఫోన్‌లో తర్జుమా చేసుకుని చదివాను. నాన్న వాడిన పెన్ను, నాన్న పోయారు, దాచుకోవడం కంటే ఎవరైనా రాసుకుంటే బాగుంటుంది అని ఉంది. ఆ కింద ఇంకో రెండు ముక్కలు: విదేశాలకు పంపను. ఏజెన్సీలు దయచేసి కొనొద్దు, వాడబోయే మనిషితో మాట్లాడి ఇవ్వాలని ఉంది.

చదివాను. అర్థమైంది. లింక్ ఏజెంటుకి పంపేశాను. యాప్‌లో బటన్ నొక్కితే ఎవరైనా కొనొచ్చు. అమ్మేవాళ్ళు రాసుకున్న షరతుల్ని బటన్ చదవదు.

ఇంజినీరింగ్ కాలేజీలో ఈ పనిని ప్రాక్సీ అనేవాళ్ళం. నా రూమ్మేటు రానిరోజు వాడి నంబరుకి నేను గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనేవాణ్ణి. ఒకరోజు దొరికిపోయాం. వాడి వాదన నాకిప్పటికీ గుర్తుంది. "అబద్ధమాడింది వీడు సార్, నేను క్లాసులోనే లేను కదా" అన్నాడు. సార్ ఇద్దరికీ ఆబ్సెంట్ వేశారు. నేను కనీసం క్లాసులో ఉన్నాను కదా, ఇదేం న్యాయం అనుకున్నాను అప్పుడు. పెన్ను విషయంలో రూమ్మేటు స్థానంలో ఉన్నది నేను. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. నేనక్కడ లేనే లేను.

ఇప్పుడు నా ఉద్యోగంలో ఇంకోరకం ప్రాక్సీలు రోజూ ఎదురవుతాయి. రిక్వెస్ట్ ఎవరిదో కనబడకుండా, తనదే అన్నట్టు ముందుకి పంపే సర్వర్లు. వాటిలోనూ మర్యాదస్తులున్నాయి. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అని ఒక హెడర్ ఉంటుంది. నేను అడుగుతున్నది ఫలానావాళ్ళ కోసం అని ఆ హెడర్ చెబుతుంది. మన కథల్లో దూతలు కూడా అంతే. రాయబారానికి వెళ్ళిన కృష్ణుడు పాండవుల తరఫున వచ్చానని చెప్పే మాట్లాడాడు. మధ్యవర్తి ఉండటం తప్పు కాదు. గుంటూరు యార్డులో మిర్చి కమిషన్ ఏజెంటు చేతుల మీదుగానే అమ్ముడవుతుంది, అతను ఏజెంటని రైతుకి తెలుసు. చిక్కల్లా మధ్యవర్తి తానే కొనేవాడినని అనిపించినప్పుడే.

ఈ చిక్కు కొత్తదేం కాదు. మన 1872 కాంట్రాక్ట్ చట్టం 231వ సెక్షన్‌లో దీని గురించే ఉంది. ఏజెంటు వెనక ఉన్న అసలు మనిషి ఒప్పందం పూర్తయ్యేలోపు బయటపడితే, "ఇతనని ముందే తెలిసుంటే నేను ఒప్పుకునేదాన్నే కాదు" అని అవతలివాళ్ళు రుజువు చేసి తప్పుకోవచ్చు. జపాన్‌లో జరిగిన అమ్మకానికి మన చట్టం వర్తించదు, సరే. కానీ అందులోని ప్రశ్న నన్ను వదల్లేదు. ఎవరికి అమ్మాలో ఎంచుకునే హక్కు అమ్మేవాళ్ళకి ఉందా?

ఉందని వెంటనే ఒప్పుకోలేను. హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కున్న ఎవరూ ఒప్పుకోలేరు. బ్యాచిలర్స్‌కి ఇవ్వం, నాన్‌వెజ్ తినేవాళ్ళకి ఇవ్వం అంటారు. ఇంటిపేరు అడిగి కులం లాగుతారు. కులం చూసి ఇల్లివ్వని ఓనరు ముందు ఒక స్నేహితుడు తన పేరు మీద అద్దెకి తీసుకుని నాకు తాళం ఇస్తే, దాన్ని మోసం అనను. అక్కడ తప్పు ఓనరు ప్రశ్నలోనే ఉంది. జపాన్‌లోవాళ్ళు విదేశీయులకి అమ్మం అన్నా ఇదే లెక్క అని, లింక్ పంపుతూ నాకు నేను చెప్పుకున్నాను.

కానీ అన్ని "కుదరదు"లూ ఒకటి కావు. నువ్వెవరో చూసి కాదనడం ఒకటి. పని భారమని కాదనడం ఇంకొకటి. "విదేశాలకు పంపను" అన్నది భారం గురించి: కస్టమ్స్ కాగితాలు, దారిలో పోతే గొడవ, వాపసు వస్తే ఖర్చు. ఆ భారం ఏజెంటు ఎత్తుకుంటాడు కాబట్టి ఆ మాట దాటడంలో నాకు తప్పు కనబడదు. రెండో మాట అలాంటిది కాదు. ఆవిడ (కూతురనే ఎందుకో అనుకున్నాను, కొడుకైనా కావచ్చు) అడిగింది ఒక్క పలకరింపు. ఏజెంటు చేయలేని పని ఆ ఒక్కటే. నేను చేయగలిగిందీ ఆ ఒక్కటే. నన్ను వద్దన్న మాటగా చదువుకున్నాను గానీ, నిజానికి అది నన్ను పిలిచిన మాట. తర్జుమా చేసే ఫోను చేతిలోనే ఉంది. ఏజెంటు ద్వారా ఒక ప్రశ్న అడిగించొచ్చు, ఇండియా నుంచి ఒకతను, రాసుకోవడానికే అడుగుతున్నాడు అని. కాదంటారేమోనని అడిగించలేదు.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. అలాంటి యాప్‌లలో డబ్బు వెంటనే అమ్మినవాళ్ళకి చేరదు. వస్తువు అందింది, బాగుంది అని కొన్నవాళ్ళు రేటింగ్ ఇచ్చాకే చేరుతుంది. నా పెన్ను గోడౌనుకి చేరిన రోజే ఏజెంటు రేటింగ్ ఇచ్చేశాడు. అప్పటికి నేను క్యాప్ కూడా తియ్యలేదు. బాగుందని నా బదులు ఎవరో అనేశారు. మళ్ళీ ప్రాక్సీయే.

కస్టమ్స్ ఫారం దగ్గర మాత్రం పాత్రలు తారుమారయ్యాయి. విలువ ఎంత రాయమంటారు అని ఏజెంటు నన్నే అడిగాడు. తగ్గించి రాయించుకోమని తెలిసినవాళ్ళు సలహా ఇచ్చారు. గిఫ్ట్ అని రాయిస్తే చాలనే పాత చిట్కా 2019 డిసెంబరుతో పోయింది, రాఖీలు, ప్రాణాలు కాపాడే మందులు తప్పిస్తే. నేను 12,000 అనే రాయించాను. పోస్ట్‌మ్యాన్‌కి డ్యూటీ కట్టి పార్సిల్ తీసుకున్నాను. ప్రభుత్వంతో అంత నిజాయితీ చూపించి, ఒక మామూలు మనిషితో చూపించకపోవడం నాకే వింతగా ఉంది. ఒకచోట పట్టుబడతానన్న భయం ఉంది, రెండోచోట లేదు. అంతకంటే గొప్ప కారణం ఏం కనబడలేదు.

పార్సిల్‌లో చిన్న కాగితం ఉంది, చేత్తో రాసింది. గోడౌను వాళ్ళు పారేయకుండా పెన్నుతో పాటే పెట్టారు. ఫోను పైన పట్టుకుంటే తెలుగులోకి వచ్చింది: కొన్నందుకు ధన్యవాదాలు, సిరా ఎక్కువ రోజులు లోపల ఎండిపోనివ్వకండి. పైన మీ పేరు అన్నచోట ఏజెన్సీ ఖాతా పేరు ఉంది.

జవాబు పంపగలరా అని ఏజెంటుకి రాశాను. రేటింగ్ అయిపోయాక అమ్మినవాళ్ళని సంప్రదించలేమని మర్యాదగా చెప్పారు. ఏజెంటుతో కొనడం నేనేం మానలేదు. కానీ ఇప్పుడు అమ్మేవాళ్ళు రాసిన షరతులు పూర్తిగా చదువుతాను, నావల్ల అయ్యేది ఏమైనా అందులో ఉంటే ముందు అడిగిస్తాను. ఈమధ్య ఇద్దరు కాదన్నారు. రెండూ మంచి పెన్నులే.

ఈ వ్యాసం చిత్తుప్రతి ఆ మ్యూతోనే రాశాను. సిరా ఎండిపోనివ్వడం లేదు.