పాపంలో పాలెంత?

2000 సంవత్సరంలో అమెరికాలోని చార్టర్ కమ్యూనికేషన్స్ అనే కేబుల్ కంపెనీకి నగదు రాబడి అనుకున్నదానికంటే 15 నుంచి 20 మిలియన్ డాలర్లు తగ్గేలా కనిపించింది. ఆ తర్వాత జరిగిందంటూ మదుపరులు కోర్టుకు చెప్పింది ఇదీ: సెట్‌టాప్ బాక్సులు అమ్మే సైంటిఫిక్ అట్లాంటా, మోటరోలాలకు చార్టర్ ఒక్కో బాక్సు మీద 20 డాలర్లు అదనంగా ఇచ్చింది. వాళ్లు ఆ డబ్బునే ప్రకటనల పేరిట తిప్పి ఇచ్చేశారు. అది చార్టర్ పుస్తకాల్లో ఆదాయంగా ఎక్కింది. రెండు ఒప్పందాలకూ పొత్తు లేదనిపించేలా బాక్సుల ఒప్పందానికి పాత తేదీ వేశారు. ఉత్పత్తి ఖర్చు పెరిగినందువల్లే ధర పెంచామని ఒక కంపెనీ అబద్ధపు కాగితం కూడా పంపింది.

2008 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5–3 మెజారిటీతో అమ్మకందార్లను విడిచిపెట్టింది. మదుపరులు నమ్మింది చార్టర్ లెక్కల్ని. తెరవెనక వీళ్లేం చేశారో వాళ్లకు తెలియనే తెలియదు. కాబట్టి వీళ్ల మీద దావా వేయడం కుదరదన్నారు జస్టిస్ కెనడీ.

అంటే, ఎంత చాటుగా సాయపడితే అంత క్షేమమా?

మహాభారతం లెక్క వేరు. ద్రౌపది ప్రశ్నకు కురుసభ నోరు మెదపనప్పుడు విదురుడు ప్రహ్లాదుడి కథ ఎత్తుకుంటాడు. కొడుకు విరోచనుడికీ, సుధన్వుడనే బ్రాహ్మణుడికీ మధ్య తగువు తీర్చాల్సి వచ్చి, ఏం చెప్పాలో తోచక ప్రహ్లాదుడు కశ్యపుణ్ని అడుగుతాడు. సభలో జరిగిన అధర్మాన్ని ఎవరూ తప్పు పట్టకపోతే పాపంలో సగం సభాపెద్దదీ, పావు చేసినవాడిదీ, మిగతా పావు ఊరకున్న సభ్యులదీ అంటాడు కశ్యపుడు. చేసినవాడికంటే ఆపగలిగినవాడికే ఎక్కువ వాటా! కోర్టు నష్టపోయినవాడి వైపు నుంచి చూసి, నువ్వు నమ్మింది ఎవరినని అడిగింది. కశ్యపుడు పక్కనున్నవాణ్ని నిలదీస్తాడు: నీకు తెలుసా, లేదా?

ఇలాగైతే సరుకు అమ్మిన ప్రతివాడూ బోనెక్కాలేమోనన్న భయం కొట్టిపారేయదగింది కాదు. కానీ కశ్యపుడి పావు వాటా ఊరందరికీ కాదు, సభలో కూర్చుని చూసినవాళ్లకే. ఆ గీత చాలు.

సత్యం కంప్యూటర్స్ కథ ఇంకా చిక్కుది. 2009 జనవరి 7న కంపెనీ అధినేత రామలింగరాజు లేఖ బయటికొచ్చింది: పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. ఏళ్ల తరబడి ఆ లెక్కల కింద ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్ల సంతకం ఉంది. బ్యాంకులో నిల్వ ఎంతో తెలుసుకోవాలంటే ఆడిటరే బ్యాంకుకు ఉత్తరం రాసి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. ఆ ఉత్తరాలు పంపే పనీ, జవాబులు తెచ్చే పనీ కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని 2011లో అమెరికా నియంత్రణ సంస్థ తేల్చింది. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లున్నారు. ప్రైస్ వాటర్‌హౌస్ మీద సెబీ 2018లో పెట్టిన రెండేళ్ల నిషేధాన్ని మాత్రం 2019లో అప్పిలేట్ ట్రైబ్యునల్ కొట్టేసింది. మోసంలో సంస్థ చేయి కలిపినట్టు రుజువు లేదు, నిర్లక్ష్యం మోసం కాదు అంది.

చట్టానికి ఆ తేడా అవసరమే. ధర్మం దగ్గర అది నిలవదు. దారిన పోయేవాడు చూడలేదంటే ఒప్పుకోవచ్చు. చూడటానికే జీతం పుచ్చుకున్నవాడు చూడలేదంటే, అతని పావు వాటా తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే అతను చూసే ఉంటాడన్న ధీమాతోనే లక్షలమంది తాము చూడటం మానేశారు.